కాలవగట్టు వీధిలో కుక్కని పస్తుంచడం

ముందు పోయినవన్నీ చెబుతాను. ఒక ఆడకుక్క పోయింది. రెండేళ్లది, గోధుమరంగుది, ముందుకాళ్లు రెండూ తెల్లగా ఉండేవి. దాంతోపాటు ఎదురెదురు ఇళ్లలో ఉండే ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇరవై ఏళ్లుగా నడుస్తున్న మాట పోయింది. ఆ నెల ఆపరేషన్‌కి ఒప్పుకున్న ఐదిళ్లవాళ్లు రావడం మానేశారు. మా డాక్టరుగారికి తన చేతిమీద తనకున్న ధైర్యం పోయింది. ఆపరేషన్లు ఆగిపోయిన ఆ చలికాలం మా గేటు దగ్గర అట్టపెట్టెల్లో వదిలేసి వెళ్లిన కుక్కపిల్లల్లో బతకనివి కూడా ఇందులో కలపాలి. అవి మన ఖాతాలోవి కావని డాక్టరుగారు అనేవారు. నేను కలుపుతాను. అవి పదకొండు.

అమలాపురంలో ఒక ప్రైవేటు పశువైద్యుడి దగ్గర నేను పంతొమ్మిదేళ్లు సహాయకురాలిగా పనిచేశాను. కుక్కల్ని బల్లమీదకి ఎత్తీ ఎత్తీ నడుము పాడై, రెండేళ్ల కిందట మానేశాను. జనం నన్ను సిస్టరుగారూ అని పిలిచేవారు గానీ నేను నర్సు చదువు చదవలేదు. పదో తరగతితో ఆగిపోయాను. లెక్కలు మా నాన్న కొబ్బరికాయల రాశుల దగ్గర నోటితో నేర్చుకున్నాను. మిగతావి క్లినిక్‌లో మందు సీసాల మీద రాసింది చదివి నేర్చుకున్నాను. కుక్క బరువెంత, కిలోకి మందెంత, సీసాలో ఒక మిల్లీలీటరుకి ఎంత ఉంది, ఈ మూడూ తెలిస్తే సిరంజిలోకి ఎంత తీయాలో వచ్చేస్తుంది. నేను వేసి చెప్పేదాన్ని, డాక్టరుగారు విడిగా తాను వేసుకునేవారు. ఇద్దరి లెక్కా కలిసేదాకా సూది ముట్టుకునేవాళ్లం కాదు. ఇప్పుడు క్లినిక్కుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలూ, మీరు ఈ లెక్క ఫోన్లో వేసుకున్నా సరే, ఇద్దరు విడిగా వేసి చూడండి.

బరువు చూడడం మాత్రం పూర్తిగా నా పని. కుక్క కాటామీద నిలబడదు. దాన్ని ఎత్తుకుని నేనే కాటా ఎక్కి, వచ్చినదాంట్లోంచి నా బరువు తీసేసేదాన్ని. అందుకని నా బరువు రోజూ చూసుకోవలసి వచ్చేది. పండగ రోజుల్లో డాక్టరుగారు, "ఇవాళ మీదెంత సిస్టరుగారూ? నిజం చెప్పండి, కుక్క ప్రాణం మీదకొస్తుంది" అని ఏడిపించేవారు.

మగకుక్కలకి చేసే ఆపరేషన్ చిన్నది. ఆడకుక్కకి పొట్ట కోసి గర్భసంచి, అండాశయాలు తీసేయాలి. మావాళ్లు దాన్ని ఫ్యామిలీ ప్లానింగ్ అనేవారు. పెద్ద మత్తు ఇవ్వాలి కాబట్టి ముందురోజు రాత్రి నుంచి కుక్క పొట్ట ఖాళీగా ఉండాలి. పొట్టలో ఏదైనా ఉంటే మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కుట్లు ఎంత చక్కగా వేసినా అప్పుడు ఉపయోగం లేదు.

ఆ గోధుమరంగు కుక్క మా క్లినిక్ వెనక కాలవగట్టు వీధిలో ఉండే ఒక టీచరుగారిది. ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయ్యారు. చర్చిలో పిల్లలచేత పాటలు పాడించేది కూడా ఆవిడే. అప్పుడు ధనుర్మాసం, క్రిస్మస్ దగ్గరికొచ్చింది. కుక్కని తీసుకొచ్చినప్పుడు ఎప్పటిలాగే అడిగాను.

"ఏమైనా పెట్టేరాండీ?"

"రాత్రి ఏడింటి తర్వాత ఏమీ పెట్టలేదండీ. నీళ్ల గిన్నె కూడా తీసేసేను. తెల్లారి ఎప్పట్లా బయటికెళ్లొచ్చి, నా మొహంకేసి చూస్తూ కూర్చుంది పాపం."

ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగుతుండగా, గొంతులోంచి ఊపిరి గొట్టం తీసిన కాసేపటికి వాంతయింది. డాక్టరుగారు తల కిందకి వంచి, నోరు శుభ్రం చేసి, చెయ్యగలిగిందంతా చేశారు. మధ్యాహ్నం దాటేసరికి కుక్క పోయింది. బల్లమీద గుడ్డలో పెసరపప్పు, మెతుకులు, ఒక మిరియపు గింజ ఉన్నాయి. టీచరుగారు లోపలికొచ్చి కుక్కనీ చూశారు, ఆ గుడ్డనీ చూశారు.

"పులగం" అన్నారు.

ధనుర్మాసంలో ఆ వీధిలో తెల్లవారకముందే పులగం వండి నైవేద్యం పెట్టే ఇల్లు ఒకటే. టీచరుగారి ఎదురిల్లు. అక్కడ ఒక మామ్మగారు ఉంటారు. వాళ్లది వేదం చెప్పుకునే కుటుంబం. ఆ ఇంట్లో ఏ పూటైనా తాను తినేముందు మొదటి ముద్ద గుమ్మం బయట ఆకులో పెట్టడం ఆవిడ అలవాటు, ఆవిడ అత్తగారి అలవాటు కూడా. ఆ ముద్ద వీధిలో ఏ కుక్క ముందొస్తే దానిది. ఆపరేషన్ సంగతి మామ్మగారికి తెలియదు. మేం చెప్పలేదు, టీచరుగారు చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది? కుక్క టీచరుగారిది కదా అని మా ఉద్దేశం.

ఆ సాయంత్రం నుంచి టీచరుగారి గేటు మూసే ఉంది. అంతకుముందు ఒక గుమ్మం నుంచి రెండో గుమ్మానికి కరివేపాకు వెళ్లేది, పారిజాతం పూలు వచ్చేవి. అవి ఆగిపోయాయి. నేను మామ్మగారి అరుగు దగ్గర ఆగితే ఆవిడ ఒక్క మాటే అన్నారు. "నా చేత్తో పెట్టేనే అమ్మాయీ. తోక ఆడించింది కూడాను."

డాక్టరుగారు మర్నాడు క్లినిక్ బోర్డు మీద ఆపరేషన్ల వరస తుడిచేశారు. "టీకాలు, జ్వరాలు, దెబ్బలు. ఇవి చాలు మనకి. ఆడకుక్కల ఆపరేషన్లు ఇంక చెయ్యనండి" అన్నారు. వాదించలేదు నేను. వారం తిరక్కుండా మొదటి అట్టపెట్టె వచ్చింది. పాలపీకతో పట్టడం, గోనెసంచి కప్పడం, పొద్దున్నే వచ్చి ఎన్ని కదులుతున్నాయో చూడడం. నాలుగో పెట్టె వచ్చిన రోజున ఇది ఇలా వదలకూడదని గట్టిగా అనుకుని, పని అయ్యాక కాలవగట్టు వీధికి వెళ్లాను.

ఇంటింటికీ వెళ్లి రెండు ప్రశ్నలు అడిగాను. ఈ వీధిలో ఆడకుక్కలెన్ని, వాటికి మీరేం పెడతారు అని. వీధివాళ్లు చెప్పినవి కూడితే ఇరవై మూడు కుక్కలు వచ్చాయి. మూడు సాయంత్రాలు అక్కడే తిరిగి కళ్లతో చూస్తే తొమ్మిదే తేలాయి. సంగతేమిటంటే ఒక ఇంట్లో లక్ష్మి అనేది పక్కింట్లో బ్రౌనీ, ఆ పక్కింట్లో "ఇదుగో, ఏయ్". రెండో ప్రశ్నకి వచ్చిన జవాబులు ఇంకా ఘోరం. ఒకరు చేపతలలు, ఒకరు మిగిలిన ఇడ్లీ, ఒకరు పాలు, ఒకరు రొయ్యపొట్టు కలిపిన అన్నం. అందరూ "మేం ఏదో కాస్తేనండి" అనేవాళ్లే. కుక్కకి యజమాని ఒకరే. కంచాలు ఆరు.

ఆ మాటే డాక్టరుగారితో చెప్పాను. "మీ చెయ్యి తప్పలేదండి. మనం ఒక ఇంట్లో అడుగుతున్నాం, అది ఆరిళ్లలో తింటోంది."

"అయితే వీధి మొత్తానికి చెబుతారా?"

"చెబుతానండి."

"చెబితే వింటారా, కోనసీమలో? గుమ్మంలోకొచ్చినదానికి పెట్టకుండా పంపుతారా మీవాళ్లు?"

"మీరు మాత్రం పంపుతారేటండీ? పొద్దున్న కాంపౌండులో పిల్లికి బిస్కెట్టు వేసింది నేను చూడలేదనుకున్నారా?"

ఆయన నవ్వలేదు గానీ కత్తెరలు తీసి కడగడం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఒక్కటి. ఒక్కదానికే చేస్తాను. ఏదైనా తేడా వస్తే ఇంక నా దగ్గర ఈ మాట ఎత్తకూడదు" అన్నారు.

అంటే మిగతా ఎనిమిది ఆ ఒక్కదాని మీద ఆధారపడ్డాయన్నమాట.

మొదటిది ఒక ఆటో ఆయన కుక్క. నలభై ఏళ్ల మనిషి, నోరు ఆగదు. "మాదానికి ఇప్పటికి మూడు కాన్పులండి సిస్టరుగోరూ, మా ఆవిడకే రెండు" అని ఆయనే ముందుకొచ్చాడు. మిగతా ఇళ్లన్నీ ఆపరేషన్ ముందురాత్రికీ మర్నాటికీ ఏమీ పెట్టబోమని ఒప్పుకున్నాయి. చివరగా మామ్మగారి దగ్గరికి వెళ్లాను. రెండునెలలైంది కదా, ఆవిడ ముద్ద పెట్టడం మానేసి ఉంటారనుకున్నాను. మానలేదు.

"రేపొక్క పూట ముద్ద పెట్టకండి మామ్మగారూ."

"అది వచ్చి గుమ్మంలో నిలబడితే?"

"నిలబడనివ్వండి. తలుపేసుకోండి."

"తలుపేసుకుని లోపల నేను తినాలా?" అని నన్ను ఎగాదిగా చూశారు. "అలా తిని ఎరగనే అమ్మాయీ నేను. దానికి లేకపోతే నాకూ లేదు. అది లేచిందని కబురు చెయ్యి, అప్పుడు తింటాను."

"ఈ వయసులో పస్తేమిటండీ? పైగా మీకు బీపీ మాత్రలున్నాయి."

"మాత్ర వేసుకుంటాను. కాఫీ కూడా తాగుతాను, మరీ అంత పంతం ఏం లేదు. అన్నం మటుకు తినను."

ఇది నేను లెక్కలో వేసుకోని అంకె. ఇప్పుడు బల్లమీద ఒక ప్రాణం, అరుగుమీద ఒక ప్రాణం.

ముందురోజు సాయంత్రం క్లినిక్ కాటా సంచిలో పెట్టుకుని వీధిలోకి వెళ్లాను. నా ఆలోచన ఏమిటంటే, రాత్రంతా తినని కుక్క పొద్దుటికి కాస్త తగ్గాలి, తగ్గకపోయినా పెరగకూడదు. సిమెంటు అరుగుమీద కాటా పెట్టి, చెప్పులు విప్పి, ముందు ఒక్కదాన్నీ ఎక్కాను. ఆటో ఆయన వంగి చూసి, "సిస్టరుగోరు యాభై ఎనిమిదండోయ్!" అని వీధికంతటికీ వినిపించాడు. కుక్కతో ఎక్కితే డెబ్భై ఒకటీ నాలుగొందలు. కుక్క పదమూడున్నరకి వంద గ్రాములు తక్కువ.

మర్నాడు ఎనిమిదికల్లా ఆయన ఆటోలో కుక్కని తీసుకొచ్చాడు. అదే కాటా, అవే బట్టలు. కుక్క పదమూడూ తొమ్మిదొందలు. దిగి, మళ్లీ ఎక్కాను. అదే అంకె. అరకిలో పెరిగింది.

"ఏం పెట్టేరు?"

"ఏం పెట్టలేదండీ. అమ్మతోడు. రాత్రినుంచి మంచినీళ్లు కూడా లేవు."

"పొద్దున్న?"

"పొద్దున్నా ఏం లేదండి. మా ఇంట్లో పొయ్యే వెలిగించలేదు దీని మూలాన." కుక్క తల నిమిరాడు. "ఆటో ఎక్కనందండి."

"ఎక్కనంటే?"

"మొండికేసిందండి. ఎంత లాగినా రాదే! మరెలా ఎక్కించమంటారు? స్టాండు దగ్గర కొట్లో బన్నులు తీసుకుని పాలల్లో ముంచి చూపించేనండి. అప్పుడు ఎక్కింది."

"ఎన్ని?"

"ఎక్కడానికి రెండండి. దిగకుండా కూర్చోడానికి ఇంకో రెండు." అప్పటికి ఆయనకి తాను చెబుతున్నదేమిటో అర్థమైంది. కుక్కని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. "ఓరి నాయనో. నేనే పెట్టేనండి."

డాక్టరుగారు తొడుక్కున్న గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో వేశారు. "చూసేరా? నేను చెప్పలా? ఇది అయ్యే పని కాదు" అన్నారు.

"అయ్యిందండి. అప్పుడు తిన్న సంగతి తెలియక బల్లదాకా వెళ్లిపోయింది, ఇవాళ గుమ్మంలోనే ఆగింది. రేపు చేద్దాం" అన్నాను. ఆయన రేపని అనలేదు, కాదనీ అనలేదు. నాకు అది సరిపోయింది. అదే ఆటోలో కుక్కతోపాటు నేనూ ఎక్కి వీధికి వెళ్లాను.

మామ్మగారు అరుగుమీద జపమాలతో కూర్చుని ఉన్నారు. కుక్క ఆటోలోంచి తనంతట తాను దూకేసరికి లేచి నిలబడ్డారు. "అయిపోయిందా? ఇంత తొందరగానా?"

"ఇవాళ కాదండి మామ్మగారూ. ఈయన దారిలో బన్నులు తినిపించేడు. రేపు చేస్తాం. మీరు భోంచేసెయ్యండి."

"మరి అది?"

"అది తినేసిందిగా!"

"బన్ను తింటే తిన్నట్టేమిటే?" అని లోపలికెళ్లి, వండిన అన్నంలోంచి ముద్ద తెచ్చి ఆకులో పెట్టారు. అది తినడం చూసి, ఆయాసపడుతూ గడప పట్టుకుని, "అయితే రేపు మళ్లీ పస్తన్నమాట" అన్నారు.

ఎదురు గేటు చప్పుడైంది. టీచరుగారు బయటికొచ్చారు. ఎప్పటినుంచి వింటున్నారో తెలియదు. మామ్మగారి వైపు చూడకుండా నాతోనే మాట్లాడారు.

"ఆవిడచేత వరసగా రెండ్రోజులు పస్తు చేయిస్తారా ఏంటండీ, ఈ వయసులో? మళ్లీ ఎల్లుండి కూడానా?"

నేను జవాబు చెప్పేలోగా ఆటో ఆయన కేసి తిరిగారు. "సాయంత్రం ఆరింటికి దాన్ని తెచ్చి మా ముందుగదిలో వదులు. రాత్రి అక్కడే ఉంటుంది. గొళ్లెం నేను వేస్తాను. పొద్దున్న నా ఒళ్లో కూర్చోబెట్టుకుని నేను తీసుకెళ్తాను."

"మీకెందుకండీ శ్రమ? ఈసారి నేను జాగ్రత్తగా..."

"నీ జాగ్రత్త నాకు మూడో తరగతి నుంచీ తెలుసు. ఆరింటికి తీసుకురా."

"ఆయ్" అన్నాడాయన, చేతులు కట్టుకుని.

మర్నాడు ఆవిడ కుక్కని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. రాత్రి ఆవిడ కూడా అదే గదిలో చాప వేసుకున్నారని మొహం చూస్తే తెలిసింది. ముందు సాయంత్రానికీ పొద్దుటికీ మూడొందల గ్రాములు తగ్గింది. ఆ అంకె చెబితే డాక్టరుగారు తల ఊపారు. మందు లెక్క నేను వేశాను, ఆయన వేశారు, కలిసింది. టీచరుగారు బయట బెంచీమీద కూర్చున్నారు. రెండునెలల కిందట కూర్చున్న బెంచీయే. మాకు వేరే బెంచీ లేదు.

మొదటి పది నిమిషాలు డాక్టరుగారు ఏమీ మాట్లాడలేదు. మామూలుగా ఆయన ఆపరేషన్ చేస్తూ కొబ్బరి ధర దగ్గర్నుంచి క్రికెట్ దాకా చెబుతారు. రెండో అండాశయం బయటికొచ్చాక, "బస్తా కొబ్బరి ఎంత ఉందండీ ఇప్పుడు?" అన్నారు. కుట్లయ్యాయి. గొట్టం తీశాక కుక్క తల కిందకి ఉండేలా పట్టుకుని కూర్చున్నాను. నాలుక రంగు, ఊపిరి, కనురెప్ప. వాంతి రాలేదు. తడబడుతూ నిలబడి, మళ్లీ కూర్చుని, ఈసారి గట్టిగా నిలబడింది. డాక్టరుగారే తలుపు తీసి టీచరుగారిని పిలిచారు. ఆవిడ దాని చెవి ముట్టుకుని, "నేను వెళ్లాలండీ. అక్కడ ఆవిడ తినలేదు" అని ఆటో కోసం కూడా ఆగకుండా నడిచి వెళ్లిపోయారు.

తర్వాతిది నేను చూడలేదు, ఆటో ఆయన చెప్పాడు. టీచరుగారు మామ్మగారి మెట్టుదగ్గర నిలబడి, "లేచిందండీ. ఇంక తినండి" అన్నారట. మామ్మగారు, "నువ్వు తిన్నావా?" అన్నారట. టీచరుగారు తినలేదు. "ఇద్దరూ అరుగుమీదే తిన్నారండి. మామ్మగోరు ఆ చివర, టీచరుగోరు ఈ చివర. మాట్లాడుకోరేమో అని మధ్యలో నన్ను కూర్చోబెట్టేరు. నేను మాట్లాడితే నోరు ముయ్యమన్నారు."

మిగతా ఎనిమిదింటికి ఏడాది పైనే పట్టింది. పద్ధతి మాత్రం మారలేదు. ముందు సాయంత్రం నేను కాటాతో వెళ్తాను, కుక్క టీచరుగారి ముందుగదిలోకి వెళ్తుంది, వీధిలో ఎవరూ ఏమీ పెట్టరు, మామ్మగారు కాఫీతో కూర్చుంటారు. ఆవిడ కోసం ఆపరేషన్ పొద్దున్న ఎనిమిదింటికే పెట్టుకునేవాళ్లం. ఒక నెలలో మూడు కుదిరితే, "ఏకాదశులు చాలవనా నీకు?" అని ఆవిడ నన్ను తిట్టారు. డాక్టరుగారు కుట్లు ముగించగానే వేళ్లు విరుచుకుని, "మామ్మగారిని భోంచెయ్యమనండి" అనేవారు. ఆ మాట అంటేనే మాకు ఆపరేషన్ పూర్తయినట్టు. తొమ్మిదింటిలో ఒక్కటీ పోలేదు. వీధి చూసి పక్కవీధులవాళ్లూ వచ్చారు. అట్టపెట్టెలు పూర్తిగా ఆగాయని చెప్పను, తగ్గాయి.

పిల్లలూ, మీరు పొట్ట ఖాళీయా అని తెచ్చినవాళ్లని అడుగుతారు, వాళ్లు నిజమే చెబుతారు. అక్కడితో ఆపొద్దు. ఆ కుక్క రోజూ ఏ ఏ గుమ్మాల ముందు నిలబడుతుందో కనుక్కుని ఆ గుమ్మాలన్నీ ఎక్కండి. నడుము నొప్పి తప్పదు, నాకు ఎలాగూ వచ్చింది.

నేను మానేసే ముందు టీచరుగారికి రాజోలు నుంచి చుట్టాలు ఒక ఆడకుక్కపిల్లని తెచ్చిచ్చారు. నల్లది, చెవులు నిలవవు. ఇప్పుడది పెద్దదైంది. ఇంకొకరి కుక్క ముందుగదిలో పస్తుంటే గడపమీద కూర్చుని కాపలా కాస్తుంది. దాని ఆపరేషన్ సంగతి అడిగితే టీచరుగారు మొదట్లో మాట మార్చేవారు. తర్వాత ఒకరోజు చెప్పారు.

"మీ మీద అనుమానం కాదండీ. ఎవరి కుక్కనైనా ఒళ్లో పెట్టుకుని తేగలను. దీన్ని ఎత్తుకుని మీ గేటు దాకా రావాలంటేనే నాకు కాళ్లు రావు."

ఉద్యోగం మానేసినా నెలకోసారి వెళ్లి అడుగుతూనే ఉన్నాను. మొన్న వెళ్తే, "వచ్చే నెల చూద్దాం లెండి" అన్నారు. ఎదురు అరుగుమీంచి మామ్మగారు, "దానికీ పస్తుంటానని చెప్పవే అమ్మాయీ ఆవిడకి. నాకు ఎనభై నిండాయి, తొందరగా తేల్చమను" అన్నారు.

"వినబడిందండీ!" అన్నారు టీచరుగారు, కుక్క మెడమీద చెయ్యి తియ్యకుండా.

కాలవగట్టు వీధిలో ఆడకుక్కలు ఇప్పుడు పది. తొమ్మిది అయ్యాయి. బాకీ ఒకటి.